ధ్యానంలో ఏమీ తెలియకుండా పోతే అది సమాధేనా? పై స్థితిని గుర్తుపట్టేదెలా?

గోదారిగట్టు, రాజమండ్రి

అందరికీ నమస్కారం. బ్యాంకులో పనిచేస్తాను. కొన్నేళ్ళుగా తెల్లవారుజామున ధ్యానానికి కూర్చుంటున్నాను. ఈమధ్య ఒక మార్పు వచ్చింది. కళ్ళు మూసుకున్న కాసేపటికి కనుబొమల మధ్య నీలం వెలుగు కదులుతుంది. చేతులు ఉన్నాయో లేదో తెలియదు, ఒళ్ళంతా గదినిండా వ్యాపించినట్టు ఉంటుంది. ఆ తరువాత ఏమీ లేదు. ఆలోచన లేదు, శ్వాస లేదు, నేను లేను. మళ్ళీ తెలిసేది అలారం మోగినప్పుడే. నలభై నిమిషాలు ఎటు పోయాయో తెలియదు. లేచాక మనసు హాయిగా ఉంటుంది.

మా ధ్యాన బృందంలో ఒక సీనియర్ గారు ఇది నిర్వికల్ప సమాధి, అంటే ఏ ఆలోచనా లేని సమాధి అన్నారు. ఇంకొకరు తురీయం అన్నారు. మా ఆవిడ మాత్రం ఒకటి రెండుసార్లు సన్నగా గురక వినిపించిందంటోంది. నాకు ఎవరి మాటా తీసెయ్యాలని లేదు. అసలు పై స్థితి అంటే నిర్వచనం ఏమిటి? వచ్చిందని ఎలా గుర్తుపట్టాలి? పుస్తకం చదివినవాళ్ళూ, కూర్చుని చూసినవాళ్ళూ ఇద్దరూ చెప్పండి.

శ్వాస_ధ్యాస, కర్నూలు

అభినందనలు సార్! ఇంత దూరం వచ్చాక అనుమానం పెట్టుకోకండి. సంశయమే పెద్ద అడ్డంకి. నీలం వెలుగు కనుబొమల మధ్య ఉండే ఆజ్ఞాచక్రం తెరుచుకుంటోందనడానికి గుర్తు. మా ఆదివారం క్లాసులో చాలామందికి ఇదే అనుభవం. పేరు ఏదైతే ఏమిటి, ఆనందం ఉందా లేదా అన్నదే ముఖ్యం.

మాండూక్యం, తెనాలి

సంస్కృతం పాఠాలు చెప్పి రిటైరైనవాణ్ణి. గోదారిగట్టు గారూ, నిర్వచనం అడిగారు కాబట్టి అక్కడి నుంచే మొదలుపెడతాను.

మాండూక్యోపనిషత్తులో ఉన్నవి పన్నెండే మంత్రాలు. అవి చెప్పే స్థితులు మెలకువ, కల, గాఢనిద్ర, ఆపై నాలుగోది, అదే తురీయం. గాఢనిద్ర గురించి అయిదో మంత్రం ఏమంటుందో చూడండి. అక్కడ కోరిక ఉండదు, కల ఉండదు, అన్నీ ఒక్కటై ముద్దగా ఉంటాయి, అది ఆనందమయం. అంటే ఆలోచన లేకపోవడం, నేను లేకపోవడం, లేచాక హాయి, ఈ మూడూ సుషుప్తికి, అంటే గాఢనిద్రకు చెప్పిన లక్షణాలే. ఈ మూడింటిని చూపించి నాలుగోది వచ్చిందని తేల్చడం కుదరదు.

ఏడో మంత్రం తురీయాన్ని చెబుతూ అది లోపలివాటిని తెలుసుకునేది కాదు, బయటివాటిని తెలుసుకునేది కాదు అని కాదనుకుంటూ పోతుంది. 'న ప్రజ్ఞానఘనం' అంటుంది, అంటే ఆ గాఢనిద్ర ముద్ద కూడా కాదు. అక్కడితో ఆగక 'నాప్రజ్ఞం' అంటుంది. తెలివి లేని స్థితి కూడా కాదు. మీ 'ఏమీ లేదు' ఈ చివరి మాట దగ్గర ఆగిపోతుంది.

ఈ ఉపనిషత్తుకు వివరణగా రాసిన కారికల్లో, అంటే శ్లోకాల్లో, గౌడపాదులు దీన్ని అర శ్లోకంలో తేల్చారు. 'లీయతే హి సుషుప్తే తన్నిగృహీతం న లీయతే.' నిద్రలో మనసు కరిగిపోతుంది, నిగ్రహించిన మనసు కరగదు. ఆ కారికల మూడో ప్రకరణంలోనే సాధకుడికి పని చెప్పారు. మనసు లయమైపోతుంటే మేలుకొలుపు. చెదిరితే శాంతింపజెయ్యి. లోపల అణిగి ఉన్న రాగం కనిపిస్తే గుర్తుపట్టు. సమస్థితికి వస్తే కదిలించకు. ఆ తరువాతి శ్లోకం 'నాస్వాదయేత్సుఖం తత్ర' అని మొదలవుతుంది, అక్కడి సుఖాన్ని రుచి చూస్తూ కూర్చోకు అని. ఆనందం ఉందా లేదా అన్నదే ముఖ్యమన్న శ్వాస_ధ్యాస గారు ఈ శ్లోకాన్ని ఒకసారి చూడాలని నా మనవి.

యోగసూత్రాలు రాసిన పతంజలి కూడా నిద్రను మనసు లేకపోవడంగా లెక్కపెట్టలేదు. అదొక వృత్తి, అంటే మనసు కదలిక అన్నాడు. 'అభావప్రత్యయాలంబనా వృత్తిర్నిద్రా.' ఏమీ లేదు అనే భావాన్ని పట్టుకుని ఉన్న మనసు అది. కాబట్టి 'ఏమీ లేదు' అన్నంతమాత్రాన వృత్తులు ఆగాయని కాదు.

ఈఈజీ_గది, విశాఖపట్నం

నేను ఆసుపత్రిలో ఈఈజీ, అంటే మెదడు అలల గీత, తీసే టెక్నీషియన్ని. తలకు ఎలక్ట్రోడ్లు అంటించి, లైట్లు ఆర్పి, కళ్ళు మూసుకోమని చెప్పి స్క్రీన్ చూస్తూ కూర్చోవడం నా పని. మాస్టారు శాస్త్రం చెప్పారు, నాకు రోజూ కనిపించేది నేను చెబుతాను.

కళ్ళు మూసుకుని మెలకువగా ఉన్న మనిషికి తల వెనుక భాగంలో సెకనుకు ఎనిమిది నుంచి పదమూడు అలలు వస్తాయి, దాన్ని ఆల్ఫా అంటాం. మగత రాగానే మొదట అదే చెదురుతుంది. దాని బదులు నెమ్మదైన అలలు వస్తాయి. కనుగుడ్లు మూసిన రెప్పల కింద మెల్లగా అటూ ఇటూ దొర్లుతుంటాయి, ఆ కదలిక కూడా గీతలో పడుతుంది. ఇంకాస్త దిగితే స్పిండిల్స్ అనే చిన్న గుబురు అలలు. అవి కనిపించాయంటే నిద్రే. తొలి మగతలో ఉన్నవాళ్ళను లేపి అడిగితే చాలామంది 'నేను నిద్రపోలేదండీ, అన్నీ వింటూనే ఉన్నాను' అంటారు. అబద్ధం కాదు, వాళ్ళకు నిజంగా అలాగే అనిపిస్తుంది. ఒళ్ళు పెద్దదైనట్టు, చేతులు మాయమైనట్టు, రంగుల వెలుగులు, ఎవరో పిలిచినట్టు మాటలు, ఇవన్నీ ఆ గుమ్మం దగ్గర మామూలుగా వచ్చేవే.

ధ్యానం మీద దీన్ని సూటిగా పరీక్షించినవాళ్ళున్నారు. 1970లో సైన్స్ పత్రికలో వాలెస్ అనే పరిశోధకుడు మహర్షి మహేశ్ యోగి నేర్పిన భావాతీత ధ్యానం చేసేవాళ్ళ శరీరంలో వచ్చే మార్పులు రాశారు. మెలకువ, కల, నిద్ర కాని నాలుగో స్థితి అనే మాట ఆ తరువాత బాగా ప్రచారమైంది. 1976లో అదే పత్రికలో మరో బృందం అయిదుగురు అనుభవజ్ఞుల రికార్డింగులు ప్రచురించింది. వాళ్ళ ధ్యానంలో గణనీయమైన భాగం రెండు, మూడు, నాలుగు దశల నిద్రగా తేలింది. ధ్యానమంతా నిద్రే అని దాని అర్థం కాదు. అనుభవమున్నవాళ్ళకు కూడా తేడా బయటికి తెలియకుండా కలిసిపోతుందని.

రెండోవైపు ఢిల్లీ ఎయిమ్స్‌లో ఆనంద్, ఛీనా, సింగ్ 1961లో ప్రచురించిన పని ఉంది. సమాధిలో ఉన్నామన్న నలుగురు యోగుల గీతలు తీశారు. వాళ్ళలో కొందరికి వెలుగు చూపించారు, పెద్ద శబ్దం చేశారు, వేడి గాజుగొట్టం తాకించారు. మామూలుగా అయితే ఆల్ఫా ఆగిపోవాలి. వాళ్ళకు ఆగలేదు. ఇంకో ఇద్దరు నాలుగు డిగ్రీల చన్నీళ్ళలో ముప్పావుగంట పైన చెయ్యి పెట్టి ఉంచినా ఆల్ఫా అలాగే ఉంది. గమనించాల్సింది ఏమిటంటే అక్కడ మెలకువ అల చెదరలేదు.

గోదారిగట్టు గారిని కొన్ని అడుగుతాను, సంకోచం లేకుండా చెప్పండి. రాత్రి ఎన్నింటికి పడుకుంటారు? అలారం మోగేసరికి గడ్డం ఛాతీకి ఆనుకుని ఉంటోందా? మధ్యలో ఒళ్ళు ఒక్కసారి ఉలిక్కిపడుతుందా? నోటి పక్క తడి ఉంటోందా?

గోదారిగట్టు, రాజమండ్రి

పడుకునేసరికి పదకొండున్నర అవుతుంది. నాలుగుంపావుకు లేస్తాను. తల వాలడం ఉంది, మెడ పట్టేస్తోంది కూడా. ఉలికిపాటు అప్పుడప్పుడు. తడి ఎప్పుడూ గమనించలేదు.

ఈఈజీ_గది, విశాఖపట్నం

అయిదు గంటలు కూడా నిద్ర లేదు సార్. చీకటి గది, మూసిన కళ్ళు, కదలని ఒళ్ళు దొరికితే బాకీ ఉన్న నిద్ర వచ్చి తీరుతుంది. ముందు నిద్ర సరిపెట్టుకోండి. అప్పటికీ మిగిలిన అనుభవం గురించి మాట్లాడుకుందాం.

శ్వాస_ధ్యాస, కర్నూలు

మీరందరూ కలిసి అన్నింటినీ నిద్రలోకి తోసేస్తున్నారు. నా బాధ చెప్పనివ్వండి. మా క్లాసుకు వచ్చేవాళ్ళు షాపుల్లో, పొలాల్లో పనిచేసి వస్తారు. వెలుగో, తేలికదనమో కనిపించినప్పుడే వాళ్ళకు మళ్ళీ కూర్చోవాలనిపిస్తుంది. అదంతా మగత అని చెబితే రేపు ఒక్కరు కూడా రారు. పైగా ఇది నేను కల్పించింది కాదు. శ్వేతాశ్వతరోపనిషత్తు రెండో అధ్యాయంలోనే ఉంది. మంచు, పొగ, సూర్యుడు, గాలి, నిప్పు, మిణుగురులు, మెరుపు, స్ఫటికం, చంద్రుడు, ఇవి యోగంలో బ్రహ్మం వ్యక్తం కావడానికి ముందు కనిపించే రూపాలని. ఋషులు కూడా మగతలోనే చూశారంటారా?

మాండూక్యం, తెనాలి

మంచి మంత్రం తెచ్చారు, నేను దాన్ని పక్కన పెట్టను. మీ బాధా న్యాయమైనదే. వెలుగులు కనిపిస్తాయి, సంప్రదాయం వాటిని గుర్తించింది. అయితే ఆ మంత్రమే అవి ముందు నడిచేవని చెబుతోంది. ఇంకో రెండు మంత్రాలు దాటితే ఒళ్ళు తేలికగా ఉండటం, ఆరోగ్యం, దేనిమీదా అత్యాశ లేకపోవడం, మేనిఛాయ, మంచి గొంతు, ఇవి యోగంలో మొదటి అడుగు అని తేల్చేస్తుంది. ఈ మొదటి అడుగు జాబితాలోనే అత్యాశ లేకపోవడం ఉంది, చూశారా. వెలుగు చూసినవాడికి ఇంకో వెలుగు కావాలన్న ఆశ పెరిగితే మొదటి అడుగు కూడా ఇంకా పడలేదన్నమాట.

పతంజలి సమాధికి అడ్డం వచ్చేవి తొమ్మిది చెప్పాడు. మీరన్న సంశయం వాటిలో ఉంది, నిజం. అదే సూత్రంలో భ్రాంతిదర్శనం కూడా ఉంది. స్త్యానం, అంటే మనసు మొద్దుబారడం, అదీ ఉంది. ఒకటి పట్టుకుని రెండు వదిలేయకూడదు కదా. మీ క్లాసువాళ్ళకు 'వెలుగు వచ్చింది, మంచిదే, శ్వాస దగ్గరికి రండి' అని చెబితే వాళ్ళ ఉత్సాహమూ పోదు, దారీ తప్పదు.

సాగర్_పాతవిద్యార్థి, నల్గొండ

నాగార్జునసాగర్ దగ్గరి కేంద్రంలో విపశ్యన పదిరోజుల శిబిరాలు చేశాను. బౌద్ధంలో ఈ ప్రశ్నకు జవాబు వేరే పద్ధతిలో ఉంటుంది, నాకు అది చాలా పనికొచ్చింది.

ఝానం అంటే లోతైన ధ్యాన స్థితి, అందులో నాలుగు మెట్లు. మొదటి ఝానంలో అయిదు అంగాలుంటాయి. మనసును ఆలంబన, అంటే ధ్యానానికి ఎంచుకున్న విషయం, మీద పెట్టడం, అక్కడే నిలపడం, ప్రీతి, సుఖం, ఏకాగ్రత. పైకి వెళ్ళేకొద్దీ కొత్తవి చేరవు, ఉన్నవి రాలిపోతాయి. రెండోదానిలో మొదటి రెండూ ఉండవు. మూడోదానిలో ప్రీతి పోతుంది. నాలుగోదానిలో సుఖం కూడా పోయి ఉపేక్ష (అటూ ఇటూ మొగ్గని సమభావం), ఏకాగ్రత మిగులుతాయి. గగుర్పాటు, కన్నీళ్ళు, ఒళ్ళంతా తరంగాలు, మనవాళ్ళు గొప్పగా చెప్పుకునే ఈ ప్రీతి పై మెట్లలో ఉండనే ఉండదు.

అయిదో శతాబ్దంలో సింహళంలో కూర్చుని బుద్ధఘోషుడు రాసిన విశుద్ధిమార్గంలో గుర్తుపట్టడానికి ఒక పరీక్ష ఉంది. అయిదు వశాలు అంటారు. ఆ స్థితి వైపు కోరినప్పుడు మనసు తిప్పగలగాలి. కోరినప్పుడు ప్రవేశించగలగాలి. అనుకున్నంతసేపు ఉండగలగాలి. అనుకున్న క్షణానికి బయటికి రాగలగాలి. వచ్చాక అందులో ఏమేమి ఉన్నాయో వెనక్కి చూసి చెప్పగలగాలి. గోదారిగట్టు గారు అలారంతో బయటికి వస్తున్నారు, వెనక్కి చూస్తే ఏమీ దొరకడం లేదు. మూడు, నాలుగు, అయిదు దగ్గరే పరీక్ష ఆగిపోయింది.

అదే గ్రంథంలో విపశ్యన చేసేవాడికి మధ్యలో వచ్చే పది ఉపక్లేశాలు, అంటే దారి తప్పించే మలినాలు చెప్పారు. వెలుగు, పదునైన జ్ఞానం, ప్రీతి, ప్రశాంతత, సుఖం, గట్టి శ్రద్ధ, ఉత్సాహం, స్మృతి, ఉపేక్ష. ఇవన్నీ మంచివే. పదోది వీటిమీద మోజు. ఆ మోజే సాధకుణ్ణి 'నేను గమ్యం చేరాను' అనిపించి అక్కడే కూర్చోబెడుతుంది. శిబిరంలో ఆచార్యులను కలిసినప్పుడు నేను ఒళ్ళంతా కరిగిపోయిన అనుభవం వర్ణించాను. ఆయన శ్రద్ధగా విన్నారు, తరువాత అడిగింది ఒకటే: 'అది పోయినప్పుడు ఎలా ఉంది?' నేను జవాబు వెతుక్కోవాల్సి వచ్చింది. అది పోయిన మధ్యాహ్నమంతా మళ్ళీ ఎప్పుడొస్తుందా అని ఎదురుచూస్తూనే కూర్చున్నాను.

గిరిప్రదక్షిణ, చిత్తూరు

సాగర్ గారి ఆచార్యులు అడిగిన ప్రశ్న చదివాక నాకు రమణ మహర్షి మాటే గుర్తొచ్చింది. ఉపదేశసారం ఆయన మొదట 1927లో తమిళంలో రాశారు, తరువాత తెలుగులోనూ చెప్పారు. ముప్పై పద్యాలే. సంస్కృతంలో పదమూడోది 'లయవినాశనే ఉభయరోధనే, లయగతం పునర్భవతి నో మృతమ్.' మనసు ఆగడం రెండు రకాలు, లయం, నాశం. లయమైంది మళ్ళీ లేస్తుంది, నశించింది లేవదు.

దీనికి ఆయన గంగ ఒడ్డున తపస్సు చేసిన యోగి కథ చెప్పేవారు. ఆ యోగి కళ్ళు తెరిచి దాహంగా ఉంది నీళ్ళు తెమ్మని శిష్యుణ్ణి పంపాడు. నీళ్ళు వచ్చేలోపే మళ్ళీ సమాధిలోకి వెళ్ళిపోయాడు. ఏళ్ళ తరబడి అలాగే ఉండిపోయాడు. లేవగానే అడిగిన మొదటి మాట 'నీళ్ళేవి?' అంతకాలం మనసు అణిగి ఉంది, కానీ ఆ చిన్న కోరికను కూడా అది తుడిచిపెట్టలేదు.

నిద్రకూ, కేవల నిర్వికల్పానికీ, సహజానికీ తేడా అడిగితే మహర్షి చెప్పింది ఇది. నిద్రలో మనసు బతికే ఉంటుంది, చీకటిలో మునిగి ఉంటుంది. కేవల నిర్వికల్పంలో కూడా బతికే ఉంటుంది, కానీ వెలుగులో మునిగి ఉంటుంది, తాడు కట్టి బావిలో వదిలిన బొక్కెనలా. తాడు లాగితే పైకి వస్తుంది. సహజంలో మాత్రం సముద్రంలో కలిసిన నది, ఇక వెనక్కి రాదు. మీ బృందంలో సీనియర్ గారు నిర్వికల్పం అన్నారు సరే, అది నిజమే అయినా దాని తరువాత ఇంకా దారి ఉందని మహర్షి మాట. అక్కడ ఆగిపోవద్దని, లయం వస్తున్నట్టు తెలిసిన వెంటనే 'ఇది ఎవరికి?' అని మేలుకోవాలని ఆయన చెప్పేవారు.

డాలస్_పద్మ

నేను ఇక్కడ ఎక్కువగా చదివే మనిషిని, రాయను. కానీ ఒకటి రాయకుండా ఉండలేకపోతున్నాను. మా తమ్ముడు హైదరాబాద్‌లో ఉంటాడు. ఒక కేంద్రంలో చాలా రోజుల మౌన శిబిరానికి వెళ్ళాడు. తిరిగొచ్చాక నిద్రపోవడం మానేశాడు, అలసట లేదు. రాత్రి రెండింటికి నాకు ఫోన్ చేసి గంటలకొద్దీ మాట్లాడేవాడు, ఒక విషయం పూర్తికాకముందే ఇంకోటి. తనకు విశ్వచైతన్యం వచ్చిందనీ, ఇక ఉద్యోగం అక్కర్లేదనీ అన్నాడు. తెలియనివాళ్ళకు డబ్బులు పంచేశాడు. అమ్మ కాదంటే మీద అరిచాడు. మా తమ్ముడు అమ్మ మీద ఎప్పుడూ గొంతు ఎత్తినవాడు కాదు.

కేంద్రంవాళ్ళను అడిగితే కుండలిని లేచింది, కంగారు పడకండి, ఇంకా ఎక్కువ కూర్చోమనండి అన్నారు. ఆ మాట విని మేము ఆగిపోయాం. చివరికి మా పిన్నిగారబ్బాయి పట్టుబట్టి సైకియాట్రిస్టు దగ్గరికి తీసుకెళ్ళాడు. మేనియా, అంటే మనసు అదుపు లేకుండా ఉరకలేసే జబ్బు అన్నారు. మందులతో నెమ్మదించాడు, ఇప్పుడు ఉద్యోగం చేసుకుంటున్నాడు. మాస్టారూ, మీ అందరి మాటల్లోనూ నిద్రా, సమాధా అనే ఉంది. పిచ్చా, సమాధా అని తేల్చుకోవాల్సిన ఇళ్ళు కూడా ఉన్నాయండీ. మాలాంటివాళ్ళు దేన్ని చూసి తెలుసుకోవాలి?

సైకియాట్రీ_పీజీ, గుంటూరు

పద్మ గారూ, మీ తమ్ముడు కోలుకున్నందుకు సంతోషం. ఇంట్లోవాళ్ళు చూడాల్సినవి చెబుతాను. నిద్ర తగ్గినా అలసట లేకపోవడం అన్నింటికంటే ముందు కనిపించే గుర్తు. ఆపలేనంత మాట, అలవాటు లేని ఖర్చు, తాను ప్రత్యేకమైనవాణ్ణన్న నమ్మకం, ఎదురు చెబితే కోపం. ఇవి కొన్ని రోజులపాటు కలిసి కనిపిస్తే ధ్యానం ఆపించి డాక్టర్‌కు చూపించాలి. ఎక్కువ కూర్చోమనడం ఆ సమయంలో హాని చేస్తుంది. ఇంట్లో ఎవరికైనా ఇంతకుముందు బైపోలార్ (మేనియా, డిప్రెషన్ మారి మారి వచ్చే జబ్బు) ఉంటే దీర్ఘ శిబిరాలకు ముందే డాక్టర్‌ను అడగండి. ఎవరిని అడగాలో తోచకపోతే ప్రభుత్వ టెలీ మానస్ నంబరు 14416, తెలుగులోనూ మాట్లాడతారు.

ఇంకొన్ని శరీరానికి సంబంధించినవి. వేగంగా శ్వాస తీసే పద్ధతుల్లో రక్తంలో కార్బన్ డయాక్సైడ్ తగ్గి చేతులూ మూతీ తిమ్మిరెక్కుతాయి, వేళ్ళు కొంకర్లు పోతాయి. దాన్ని శక్తి ప్రవాహం అనుకుంటారు. మెరిసే వంకరగీతలు చూపులో మెల్లగా పాకి, అరగంటలో పోయి, తరువాత తలనొప్పి వస్తే అది మైగ్రేన్ కావచ్చు. ప్రతిసారీ అచ్చంగా ఒకేలా ఉండి, ఒకటి రెండు నిమిషాల్లో ముగిసే పరమానందమో, వింత వాసనో, ఎక్కడో ముందే జరిగినట్టు అనిపించడమో ఉంటే న్యూరాలజిస్టును కలవాలి. కొన్ని రకాల మూర్ఛలు అలాగే మొదలవుతాయి.

గోదారిగట్టు, రాజమండ్రి

పద్మ గారూ, మీరు రాసింది మా బృందంలో అందరికీ చదివి వినిపిస్తాను.

మాస్టారూ, ఇంకో ప్రశ్న. లోపలి అనుభవం నమ్మకూడదు, వెలుగు నమ్మకూడదు, ఆనందం నమ్మకూడదు. మరి పై స్థితి అనేది ఉన్నట్టు తెలిసేది దేనివల్ల?

మాండూక్యం, తెనాలి

మీరడిగింది అర్జునుడు అడిగిన ప్రశ్నే. భగవద్గీత రెండో అధ్యాయంలో 'స్థితప్రజ్ఞస్య కా భాషా' అని. సమాధిలో ఉన్నవాడు ఎలా మాట్లాడతాడు, ఎలా కూర్చుంటాడు, ఎలా నడుస్తాడు అని అడిగాడు. కృష్ణుడు అక్కడి నుంచి అధ్యాయం చివరిదాకా పద్దెనిమిది శ్లోకాలు చెప్పాడు. కళ్ళు మూసుకుంటే ఏం కనిపిస్తుందో ఒక్క మాట లేదు. దుఃఖంలో మనసు కలవరపడదు, సుఖాల వెంట పరుగెత్తదు, రాగం, భయం, కోపం పోయి ఉంటాయి. అన్నీ కళ్ళు తెరిచి ఉన్నప్పుడు తెలిసేవే. అందుకే నేను నా శిష్యులతో, ధ్యానం ఎలా సాగుతోందో మీ ఇంట్లోవాళ్ళను అడగండి అంటాను.

అంతస్తులు కావాలంటే యోగవాసిష్ఠం ఏడు భూమికలు, అంటే మెట్లు చెప్పింది. శుభేచ్ఛ, విచారణ, తనుమానసి, సత్త్వాపత్తి, అసంసక్తి, పదార్థాభావని, తురీయగ. మొదటి మూడూ సాధన, నాలుగోదానితో జ్ఞానం, ఆ పైవి జీవన్ముక్తిలో తరతమాలు. మొదటి మెట్టు ఏమిటో చూడండి. శుభేచ్ఛ. నేనెందుకిలా ఉండిపోయాను, తెలుసుకోవాలి అన్న కోరిక. నీలం వెలుగు ఏ మెట్టులోనూ లేదు.

శ్వాస_ధ్యాస, కర్నూలు

మహర్షి మహేశ్ యోగి గారు కూడా ఏడు స్థితులు చెప్పారు కదా. మెలకువ, కల, నిద్ర, భావాతీతం, విశ్వచైతన్యం, భగవచ్చైతన్యం, ఏకత్వచైతన్యం. అవి ఈ ఏడేనా? ఇంకోటి, టిబెట్ సన్యాసుల మెదడులో గామా అనే వేగమైన తరంగాలు కనిపెట్టారు కదా ఈఈజీ అన్నా, అప్పుడు యంత్రంతోనే తేల్చవచ్చుగా?

మాండూక్యం, తెనాలి

సంఖ్య ఒకటేగానీ రెండూ ఒకటి కాదు. ఆయన లెక్క మామూలు మెలకువ, కల, నిద్రతో మొదలవుతుంది. వాసిష్ఠం లెక్క జిజ్ఞాసతో మొదలవుతుంది. ఒకటి దానిమీద ఒకటి పెట్టి జత చేయకండి. ఆయన విశ్వచైతన్యం అన్నది మాత్రం గమనించదగ్గది. నిద్రలోనూ మెలకువలోనూ లోపలి సాక్షి చెదరకుండా ఉండటం అన్నారు. అది కూడా కూర్చున్న నలభై నిమిషాల్లో తేలేది కాదు.

ఈఈజీ_గది, విశాఖపట్నం

మీరన్నది 2004లో అమెరికా జాతీయ విజ్ఞాన అకాడమీ పత్రికలో వచ్చిన పని. పదివేల నుంచి యాభైవేల గంటలు సాధన చేసిన ఎనిమిదిమందిని తీసుకున్నారు. నిర్దిష్ట వస్తువు లేకుండా అందరిమీదా కరుణ నింపుకునే ధ్యానం చేయించారు. కొత్తవాళ్ళతో పోలిస్తే వాళ్ళలో గామా చాలా ఎక్కువ. గొప్ప పరిశోధన, నాకు గౌరవం ఉంది. కానీ ఎయిమ్స్ యోగుల్లో కనిపించింది చెదరని ఆల్ఫా, ఇక్కడ కనిపించింది గామా. ధ్యానం పద్ధతి మారితే గీత మారింది. ఫలానా అల వస్తే సమాధి అని చెప్పే గీత నాకు ఇంతవరకూ ఎవరూ చూపించలేదు. నిద్రను మాత్రం నేను గీత చూసి చెప్పగలను. యంత్రం అంతవరకూ తోడొస్తుంది.

గోదారిగట్టు, రాజమండ్రి

కొన్ని వారాల తరువాత రాస్తున్నాను. రాత్రి తొమ్మిదిన్నరకే పడుకుంటున్నాను, టీవీ కట్టేశాం. కళ్ళు పూర్తిగా మూయకుండా నేల మీదికి వాల్చి కూర్చుంటున్నాను. సాగర్ గారు చెప్పిన పరీక్ష మనసులో పెట్టుకుని, ఎప్పుడు మోగుతుందో తెలియని గంట మా అమ్మాయి ఫోన్‌లో పెట్టించుకున్నాను.

ఆ పెద్ద ఖాళీ రావడం లేదు. నీలం వెలుగు అరుదుగా. బ్యాంకు ఆలోచనలు వరుసగా వస్తున్నాయి, ముఖ్యంగా మార్చి ఆఖరు. మధ్యలో ఎక్కడో, శ్వాస బయటికి పోయి మళ్ళీ లోపలికి రాకముందు, కాసేపు ఏ మాటా ఉండదు. అయితే అప్పుడు గోడగడియారం వినిపిస్తూనే ఉంటుంది, వీధిలో పాలబండి వెళ్ళింది తెలుస్తుంది, మోకాలి నొప్పి తెలుస్తుంది. గంట మోగితే ఉలికిపాటు లేదు. ఇది పూర్వంకంటే కింది స్థితిలా ఉంది. హాయి కూడా అంత లేదు. సరిగ్గానే చేస్తున్నానా?

మాండూక్యం, తెనాలి

సరిగ్గానే చేస్తున్నారు. అప్పుడు మాట లేదు, తెలివీ లేదు. ఇప్పుడు మాట లేదు, తెలివి ఉంది. గౌడపాదులు కోరిన మేలుకొలుపు ఇదే. హాయి తగ్గిందని వెనక్కి వెళ్ళకండి. దీనికి పేరు మాత్రం ఇప్పుడే పెట్టవద్దు, మీ బృందంవాళ్ళనూ పెట్టనివ్వవద్దు.

గిరిప్రదక్షిణ, చిత్తూరు

ఆ మాట లేని క్షణాన్ని పొడిగించాలని బలవంతం చేయకండి. గడియారం వినిపిస్తోంది ఎవరికి అని ఒకసారి లోపలికి చూడండి చాలు.

శ్వాస_ధ్యాస, కర్నూలు

గోదారిగట్టు సార్, మీ గంట పద్ధతి మా ఆదివారం క్లాసులో పెడదామనుకుంటున్నాను. అక్కడ ముప్పైమంది దాకా ఉంటారు, ఫోన్లు బయట పెట్టిస్తాం. ఎలా చెయ్యాలి సాగర్ అన్నా?

సాగర్_పాతవిద్యార్థి, నల్గొండ

ఫోన్ అక్కర్లేదు తమ్ముడూ. ఒకరిని పక్కన కూర్చోబెట్టు, చిన్న కంచు గంట ఇవ్వు. ఎప్పుడు కొట్టాలో వాళ్ళిష్టం, ఒక దెబ్బకూ తరువాతి దెబ్బకూ మధ్య ఎడం ఒకేలా ఉండకూడదు. మరీ గట్టిగా కొట్టవద్దు, గుండెజబ్బు ఉన్నవాళ్ళు, పెద్దవాళ్ళు ఉంటారు. గంట వినపడగానే కదలకుండా ఎవరికి వాళ్ళు ఒకటే చూసుకోవాలి: గంట మోగడానికి ముందు క్షణంలో ఏం తెలుస్తోంది? శ్వాస తెలుస్తుంటే శ్వాస, ఆలోచన అయితే ఆలోచన, ఏమీ గుర్తులేకపోతే ఏమీ గుర్తులేదని. అయిపోయాక ఎవరు ఏ స్థితికి వెళ్ళారో అడగకు. రాత్రి ఎంతసేపు పడుకున్నారో అడుగు. పొలం పని చేసి వచ్చినవాళ్ళను ముందు ఒక పది నిమిషాలు నడిపించి అప్పుడు కూర్చోబెట్టు, ఎండాకాలం అయితే క్లాసు పొద్దున ఆరింటికి మార్చెయ్యి.